లినక్స్‌ల పాస్, విండోస్‌ల "పొజిషన్ 5" ఎర్రర్: మూడు ఓఎస్‌ల మీద టెస్టులు ఎట్ల పెట్టాలె?

బేగంబజార్ లెక్కలు:

అన్నలకు, అక్కలకు నమస్తే. ముందుగాలనే చెప్తున్న, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. బేగంబజార్‌ల స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణంల పద్దెనిమిదేండ్ల సంది లెక్కలు రాస్తున్న. వనపర్తి, నారాయణపేట దిక్కు నుంచి వచ్చే గిరాకీ రసీదు మీద "అక్షరాలా" అని ఉన్న కాడ తెలుగుల రాయమంటరు. 1,27,450 అని కొడితే "ఒక లక్షా ఇరవై ఏడు వేల నాలుగు వందల యాభై రూపాయలు మాత్రమే" అని రావాలె. చేతితోని రాసి రాసి యాష్టకొచ్చింది. రెండేండ్ల కింద అమీర్‌పేటల సాయంత్రం బ్యాచ్‌ల పైథాన్ నేర్చుకొని ఓ చిన్న మాడ్యూల్ రాసిన. అంకె ఇస్తే మాట ఇస్తది, మాట ఇస్తే అంకె ఇస్తది, తేదీని తెలుగుల రాస్తది. గంతే. పదాలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌ల ఉంటయి, వరుసకొకటి. గిట్‌హబ్‌ల అందరికీ కనవడేటట్టు పెట్టిన, పైథాన్ ప్యాకేజీలు దించుకునే పైపీఐ సైట్‌ల గూడ పెట్టిన.

పెట్టినంక సంబురం ఆగలేదు, లొల్లి గూడ ఆగలేదు. విజయవాడ కాడ ఎరువుల దుకాణంల పని చేసే పిల్లగాడు గిట్‌హబ్‌ల ఇష్యూ (ఫిర్యాదు) పెట్టిండు. విండోస్‌ల ఇంపోర్ట్ చేస్తేనే పడిపోతుందట. ఎర్రర్ ఇంగ్లీషుల ఉంది, మన అక్షరాలల్ల రాస్తున్న: యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, "చార్‌మ్యాప్" కోడెక్ 81 అనే బైట్‌ను చదువలేకపోయింది, పొజిషన్ 5. ఇంకొకాయన మ్యాక్ వాడుతడట. పాత హార్డ్ డిస్క్‌ల ఫైళ్ల పేర్లు "ఇరవై", "యాభై" అని ఉంటే మాట నుంచి అంకె రాదంట, "పది", "వంద" అయితే మంచిగ వస్తదంట. అదే మనిషి, అదే డిస్క్, సగం పనిచేస్తది, సగం చెయ్యది. ఇదేం మాయనో నాకైతే సమజ్ కాలేదు.

నా దగ్గర ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్, సికింద్రాబాద్ సీటీసీల సెకండ్ హ్యాండ్ కొన్న, దాంట్ల ఉబుంటు లినక్స్. దుకాణంల విండోస్ ఉంది గానీ సేట్ దాంట్ల ట్యాలీ తప్ప ఇంకోటి ముట్టనియ్యడు. మ్యాక్ అయితే షోరూం అద్దంల నుంచి చూసుడే.

ఎవరో చెప్తే గిట్‌హబ్ యాక్షన్స్ పెట్టిన, కోడ్ పుష్ చేసినప్పుడల్లా వాళ్ల కంప్యూటర్ల మీద టెస్టులు దానంతటదే నడిపేది. వేరే ప్రాజెక్టుల నుంచి ఫైల్ తెచ్చి అతికించిన. మూడు ఓఎస్‌లు (లినక్స్, విండోస్, మ్యాక్), పైథాన్ 3.10 నుంచి 3.14 దాంక, పదిహేను జాబులు. నడిపిస్తే రెండు మూడు ఎర్రగ, మిగిలినయన్నీ బూడిద రంగుల "క్యాన్సిల్డ్". ఎర్రదాన్ని తెరిస్తే "పైథాన్ 3.1 దొరకలేదు" అంటది. నేను 3.1 అని యాడ రాయలే!

ఇంకో వింత. ఉబుంటు జాబులే, పొద్దుగాల నాలుగున్నరకు లేచి కోడ్ పుష్ చేస్తే తేదీ టెస్ట్ పడిపోతది. అదే కోడ్ రాత్రి దుకాణం నుంచి వచ్చినంక చేస్తే పాస్ అయితది. మా ఇంటామె "దిష్టి తగిలింది" అంటుంది. జర చెప్పున్రి.

---

కూకట్‌పల్లి టెస్టర్:

అన్నా, మీ పదాల ఫైల్ నేను చూడలేదు. కానీ అందులో మొదటి మాట "సున్నా" అయ్యుండాలి. అవునా?

ఎలా తెలిసిందంటే, యూటీఎఫ్8 ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. "స"కి 0, 1, 2 స్థానాలు. దాని కింద కొమ్ముకి 3, 4, 5. కొమ్ములో చివరి బైట్ 81. మీ ఎర్రర్ చెప్పేది సరిగ్గా అదే, ఐదో స్థానంలో 81. లినక్స్‌లో పైథాన్ ఫైల్ తెరిస్తే యూటీఎఫ్8 అనుకుంటుంది. మన దగ్గర మామూలుగా ఉండే విండోస్ సెట్టింగ్‌లో మాత్రం, మీరు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, 1252 అనే పాత కోడ్ పేజీతో చదువుతుంది. ఆ పట్టికలో ఐదు గళ్లు ఖాళీ (పదహారు ఆధారంగా లెక్కించే హెక్స్ అంకెల్లో): 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన భాషకి వచ్చేసరికి ఆ ఐదింటి మీద ఎవరు కూర్చున్నారో చూడండి. 81 అంటే కొమ్ము. 8డి అంటే పొల్లు, అంటే ప్రతి ఒత్తక్షరమూ. 8ఎఫ్ "ఏ", 90 "ఐ", 9డి "ఝ". కొమ్ము, ఒత్తు లేకుండా తెలుగులో రెండు వాక్యాలు రాయడమే కష్టం.

ఇందులో నన్ను భయపెట్టేది పడిపోయే మాటలు కాదు, పడిపోనివి. "రెండు", "ఐదు", "ఏడు", "తొమ్మిది", "లక్ష" ఎర్రర్ ఇస్తాయి. "ఒకటి", "ఎనిమిది", "పది", "వంద", "కోటి" ఇవ్వవు! వాటి బైట్లన్నిటికీ ఆ పట్టికలో ఏదో ఒక గుర్తు ఉంది కాబట్టి ఎర్రర్ లేకుండా డిగ్రీ గుర్తులతో నిండిన చెత్తగా మారిపోతాయి. మీ ఫైల్ రెండు ముక్కలుగా ఉండి ఒక ముక్కలో పది, వంద, కోటి మాత్రమే ఉంటే, టెస్ట్ "ఇంపోర్ట్ అయిందా లేదా" అని మాత్రమే చూస్తే, పచ్చ టిక్కు వచ్చేది, విజయవాడ అబ్బాయి రసీదు మీద చెత్త అచ్చయ్యేది. "సున్నా" మొదట ఉండటం మీ అదృష్టం.

బాగుచేయడం ఒక్క మాట: ఫైల్ తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని రాయండి. ఎక్కడెక్కడ మర్చిపోయారో వెతకడానికి పైథాన్ 3.10 నుంచి ఒక ఎన్వీ వేరియబుల్ (సిస్టమ్‌లో పెట్టే సెట్టింగ్) ఉంది, "పైథాన్ వార్న్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్" అన్న నాలుగు మాటలూ ఖాళీల్లేకుండా పెద్దక్షరాల్లో కలిపి 1 పెట్టండి. ఎన్‌కోడింగ్ చెప్పని ప్రతి ఓపెన్ దగ్గరా వార్నింగ్ ఇస్తుంది. ఇది మీ ఉబుంటులోనే పనిచేస్తుంది, విండోస్ అక్కర్లేదు.

ఒకటి మాత్రం చేయొద్దు. మీ యాక్షన్స్ లాంటి ఆటోమేటిక్ టెస్టింగ్‌నే సీఐ అంటారు. నెట్‌లో వెతికితే "సీఐలో యూటీఎఫ్8 మోడ్ ఆన్ చేసేయండి, పోతుంది" అని దొరుకుతుంది. పోతుంది, మీ సీఐలో మాత్రమే. ఎరువుల దుకాణం కంప్యూటర్‌లో ఆ మోడ్ ఎవరు ఆన్ చేస్తారు? పైథాన్ 3.15 నుంచి అది డిఫాల్ట్ అవుతుంది కానీ, మీరు మద్దతిచ్చేది 3.10 నుంచి. రన్నర్‌ని, అంటే సీఐలో టెస్ట్ నడిపే కంప్యూటర్‌ని, మన కోడ్‌కి అనుకూలంగా సర్దేస్తే ఇక ఆ టెస్ట్ ఎవరి కోసం?

ఇక 3.1 సంగతి. మీరు తెచ్చి అతికించిన సెట్టింగ్ ఫైల్ యామల్ అనే పద్ధతిలో ఉంటుంది. అందులో 3.10 అని కోట్స్ లేకుండా రాస్తే అది దశాంశ సంఖ్య. మీరు లెక్కల మనిషి, 3.10 అన్నా 3.1 అన్నా ఒకటే కదా! వెర్షన్లన్నీ కోట్స్‌లో పెట్టండి. ఆ బూడిద రంగు కూడా దీనివల్లే. మ్యాట్రిక్స్‌లో (ఓఎస్‌లు, వెర్షన్ల జతల పట్టికలో) "ఫెయిల్ ఫాస్ట్" అనేది మామూలుగా ఆన్‌లో ఉంటుంది, ఒక జాబ్ పడగానే మిగతావన్నీ రద్దు. లేని పైథాన్ కోసం వెతికి మీ 3.1 జాబులు కొన్ని సెకన్లలోనే పడ్డాయి, విండోస్ జాబులకి అసలు టెస్ట్ దాకా వచ్చే అవకాశమే దొరకలేదు. ఫెయిల్ ఫాస్ట్‌ని ఫాల్స్ చేసి మళ్లీ నడపండి. ఎక్కువ ఎరుపు కనిపిస్తుంది, కంగారు పడకండి.

మ్యాక్ గురించి, తెల్లవారుజాము దిష్టి గురించి రాత్రికి రాస్తాను. ఇప్పుడు స్టాండప్ కాల్ ఉంది.

---

బేగంబజార్ లెక్కలు:

అక్కా, నా ఫైల్ ముందల పెట్టుకొని చూసినట్టే చెప్పినవ్. మొదటి మాట "సున్నా"నే! మా దుకాణంల పిల్లలకు చూపిస్తే వాళ్లు గూడ బైట్లు లెక్కపెట్టుడు షురూ జేసిన్రు.

3.1 పోయింది. ఇప్పుడు విండోస్ ఎర్రగ పడుతుంది, అంటే అసలు రోగం కనవడ్డది. గానీ నేను తొందరపడి వేరే తీరుగ చేసిన. ఫైల్‌ను బైనరీల తెరిచి, నేనే యూటీఎఫ్8గ మార్చి, వరుసలుగ చీల్చిన. లినక్స్, మ్యాక్ పాస్. విండోస్‌ల కొత్త ఎర్రర్: రావాల్సింది "సున్నా", వచ్చింది "సున్నా" పక్కన బ్యాక్‌స్లాష్ ఆర్. ఈ ఆర్ యాడికెళ్లి వచ్చింది? నా ఫైల్‌ల లేదు, ఒట్టు.

---

గుంటూరు పెద్దాయన:

బాబూ, మీ ఫైల్‌లో లేకపోవచ్చండి, రన్నర్‌లో ఉంది. విండోస్ రన్నర్‌లో గిట్ మీ కోడ్‌ని దించేటప్పుడు వరుస చివర్లను విండోస్ పద్ధతికి మారుస్తుంది, అంటే న్యూలైన్ ముందు ఈ ఆర్ కలుపుతుంది. టెక్స్ట్‌గా తెరిచి ఉంటే పైథాన్ దాన్ని సర్దుకునేది. మీరు బైనరీలో తెరిచి న్యూలైన్ దగ్గర చీల్చారు కాబట్టి ఆ ఆర్ మిగిలిపోయింది. ఆ అమ్మాయి చెప్పినట్టు టెక్స్ట్‌గానే తెరవండి. దాంతోపాటు రిపోలో (గిట్‌లోని మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లో) గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్ ఒకటి పెట్టి, టెక్స్ట్ ఫైళ్లకి ఎల్ఎఫ్ (ఆర్ లేని న్యూలైన్) అని రాసేయండి.

నా అనుభవం కొంత చెబుతాను, విసుగనుకోకండి. మేము పెర్ల్ రాసే రోజుల్లో మాడ్యూల్ సీపాన్‌లో (పెర్ల్ వాళ్ల పైపీఐ లాంటిది) పెడితే చాలు, ఎక్కడెక్కడో ఉన్న వలంటీర్లు తమ తమ మెషీన్ల మీద నడిపి రిపోర్టు పంపేవారు. సీపాన్ టెస్టర్స్ అని, 1998లో మొదలైంది. సోలారిస్ అనే ఓఎస్ మీద పడిపోయిందని ఉత్తరం వచ్చేది, మనం సోలారిస్ మొహం కూడా చూసి ఉండం. తర్వాత 2011లో ట్రావిస్ అనే సీఐ సర్వీసు వచ్చింది, లినక్స్‌కి అదీ, విండోస్‌కి యాప్‌వేయర్, ఒక ప్రాజెక్టుకి రెండు కాన్ఫిగ్ ఫైళ్లు. 2021 జూన్‌లో ట్రావిస్ పాత ఆర్గ్ సైట్ మూతపడింది. నా చేతిలో అప్పుడు పదకొండు మాడ్యూళ్లు. టెస్ట్ ఎలా నడపాలన్న సంగతంతా ఆ యామల్ ఫైళ్లలోనే రాసుకున్నాను. అన్నిటినీ మళ్లీ మొదటి నుంచి రాయడానికి ఒక వేసవి సెలవులు పట్టింది, మనవడు పూరీలు తింటుంటే నేను యామల్ తింటున్నా.

అందుకని నా మాట వినండి. టెస్ట్ నడిపే పద్ధతిని టాక్స్‌లోనో నాక్స్‌లోనో (టెస్టులు నడిపే పైథాన్ పనిముట్లు) పెట్టుకోండి. సీఐ ఫైల్‌లో "పైథాన్ పెట్టు, టాక్స్ నడుపు" అనేంత మాత్రమే ఉండాలి. రేపు గిట్‌హబ్ కాదని ఇంకోచోటికి వెళ్లినా పది వరుసలు మారిస్తే అయిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో కూడా అదే కమాండ్ నడుస్తుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మీ టెస్టులు రిపో ఫోల్డర్‌లోంచే నడుస్తున్నాయా? అయితే పదాల ఫైల్ పక్కనే ఉంటుంది కాబట్టి ఎప్పుడూ దొరుకుతుంది. పైపీఐకి పంపే వీల్‌లో (ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీ ఫైల్) ఆ టెక్స్ట్ ఫైల్ చేరిందో లేదో ఎవరు చూశారు? ముందు వీల్ కట్టి, దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు టెస్ట్ నడపాలి. కోడ్‌ని ఎస్ఆర్‌సీ అనే ఫోల్డర్‌లోకి జరిపేస్తే పొరపాటున పక్కనున్న దాన్ని ఇంపోర్ట్ చేసే ప్రమాదం తప్పుతుంది.

పదిహేను జాబులు మీకెందుకండీ? మీది సీ కోడ్ లేని వట్టి పైథాన్. పబ్లిక్ రిపోకి మామూలు రన్నర్లు ఉచితమే, నిజమే. కానీ రిపోర్టు చదివే కళ్లు మీవే కదా. లినక్స్ మీద ఐదు వెర్షన్లూ, విండోస్ మీద 3.10, 3.14, మ్యాక్ మీద 3.14. ఎనిమిది చాలు.

---

కూకట్‌పల్లి టెస్టర్:

పెద్దాయన మాటే నాదీ, ఒక్క సవరణతో. విండోస్‌లో రెండు ఉంచమన్నారు, సరే. ఈ మాడ్యూల్ వాడేవాళ్లలో ఎక్కువమంది దుకాణాల్లో విండోస్ మీద ఉంటే మాత్రం నేను విండోస్‌లో మధ్య వెర్షన్ ఒకటి కలిపేదాన్ని. మ్యాట్రిక్స్ మన సౌకర్యాన్ని బట్టి కాకుండా వాడేవాళ్లని బట్టి ఉండాలని నా పట్టుదల. ఆఫీసులో దీని మీదే వారానికొకసారి గొడవ పడతాను.

ఇక మ్యాక్. అన్నా, మీ డిస్క్ ఆయనకి ఏవి రాలేదో మళ్లీ చదవండి: ఇరవై, యాభై. నేను చెప్తున్నా, ముప్పై, నలభై, అరవై, తొంభై కూడా రావు. వీటన్నిటిలో ఉన్నదేంటి? ఐత్వం. యూనికోడ్‌లో మన ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఒకటి. ఎత్వం పెట్టి దాని కింద ఐత్వపు తోకని విడిగా తగిలించడం రెండోది. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, పోల్చి చూస్తే వేరు. మొదటిది ఎన్ఎఫ్‌సీ, విడదీసినది ఎన్ఎఫ్‌డీ. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్, హెచ్ఎఫ్ఎస్ ప్లస్, ఫైల్ పేర్లని విడదీసి దాచుకునేది. ఇప్పుడున్న ఏపీఎఫ్ఎస్ మీరు పెట్టినట్టే ఉంచుతుంది. ఆయనది పాత డిస్క్ అన్నారుగా, అందుకే.

అందువల్ల మీరు మ్యాక్ రన్నర్ మీద వందసార్లు నడిపినా ఈ తప్పు దొరకదు, రన్నర్‌లో ఉండేది కొత్త ఫైల్ సిస్టమ్. మ్యాక్ కొన్నా దొరకదు! దొరకాలంటే "ఇరవై"ని మీరే ఎన్ఎఫ్‌డీలోకి విడదీసి ఫంక్షన్‌కి ఇచ్చే టెస్ట్ ఒకటి రాయాలి. మీ సీటీసీ ల్యాప్‌టాప్ మీద రెండు నిమిషాల పని. మాట లోపలికి రాగానే పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్ఎఫ్‌సీకి మార్చేయండి, అయిపోతుంది.

తెల్లవారుజాము దిష్టి: రన్నర్ గడియారం యూటీసీ, మన సమయానికి ఐదున్నర గంటలు వెనక. మనకి పొద్దున నాలుగున్నర అయితే దానికి ఇంకా నిన్న రాత్రి పదకొండు. అర్ధరాత్రి నుంచి ఐదున్నర దాకా మీ "ఈ రోజు", దాని "ఈ రోజు" ఒకటి కావు. మీ టెస్ట్‌లో ఈ రోజు తేదీని చేత్తో రాస్తున్నారా, లేక భారత సమయంతో పోలుస్తున్నారా? ఏదైనా సరే, ఫంక్షన్ లోపల గడియారం అడగకండి. తేదీని బయటి నుంచి ఇవ్వండి. 2024 ఫిబ్రవరి 29 లాంటి ఒక ఖరారు తేదీతో టెస్ట్ రాయండి. వారానికోసారి దానంతటదే నడిచేలా పెట్టుకుంటే అక్కడా ఇదే లెక్క, సోమవారం పొద్దున తొమ్మిదికి కావాలంటే 3:30 అని రాయాలి. ఇంకో సంగతి, పబ్లిక్ రిపోలో అరవై రోజులు ఏ కదలికా లేకపోతే ఆ షెడ్యూల్ ఆగిపోతుంది. దసరా, దీపావళి సీజన్లో మీరు రిపో వైపు చూడరని నాకు తెలుసు.

---

బేగంబజార్ లెక్కలు:

అందరికీ దండాలు. ఆదివారం బజార్ బంద్, పొద్దంత దీని మీదనే కూసున్న.

ఎన్ఎఫ్‌డీ టెస్ట్ ముందుగాల రాసిన, పడ్డది. ఉబుంటుల! రెండేండ్ల సంది నా ల్యాప్‌టాప్‌లనే ఉందన్నమాట ఆ తప్పు. తర్వాత ఎన్ఎఫ్‌సీ పెట్టిన, పాస్. వీల్ కట్టి నడిపిస్తే పెద్దాయన అన్నట్టే అయింది. ఇప్పుడు పైపీఐల ఉన్నదాంట్ల ఫైల్ ఉంది గానీ, కోడ్‌ను ఎస్ఆర్‌సీల జరిపినంక చేరలేదు. వీల్‌ల ఏ ఫైళ్లు చేరాల్నో చెప్పే ప్యాకేజ్ డేటా వరుసల పాత తోవ ఉండె. సీఐ పట్టుకోకపోతే అట్లనే రిలీజ్ చేస్తుంటి.

టాక్స్ పెట్టిన. కమిట్ మెసేజ్‌ల "టాక్స్ కలిపిన" అని రాస్తే, ఎన్కనుంచి చూసిన సేట్ "ఎంత పర్సెంట్?" అని అడిగిండు.

తొమ్మిది జాబులు చేసిన, అక్క చెప్పినట్టు విండోస్‌కు మూడు. మొదటిసారి ఆరు పచ్చ, మూడు ఎరుపు. మూడూ విండోస్. ఈసారి నేనే పట్టుకున్న: తేదీ కోసం "ఏసియా కోల్‌కతా" టైమ్ జోన్ అడుగుతున్న, లినక్స్‌ల, మ్యాక్‌ల సిస్టమ్‌తోనే ఆ పట్టిక వస్తదట, విండోస్‌ల ఉండదట. టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ పెట్టాలె, లేకుంటే ఐదున్నర గంటలు అని నేరుగ రాసుకోవాలె. మనకు ఎండకాలం ఒక టైం, చలికాలం ఒక టైం లేదు కద, నేరుగ రాసేసిన. తొమ్మిది పచ్చ.

విజయవాడ పిల్లగాడు కొత్త వెర్షన్ పెట్టుకొని రసీదు ఫోటో పంపిండు. యూరియా, 26 బస్తాలు, కింద అక్షరాలా తెలుగుల. ఫోటో కిందనే ఇంకో ఇష్యూ తెరిచిండు: "మీరు ముప్పై అని రాస్తున్నారు, మా వైపు ముప్ఫై అంటారండి, మార్చండి." దానికింద నల్గొండ ఆయన "మార్చొద్దు" అని రాసిండు. ఇప్పటికి పద్నాలుగు కామెంట్లు అయినయి. దీనికి ఏ ఓఎస్ మీద టెస్ట్ పెట్టాలె అక్కా?